మామునూరుకు నాలుగో ఏట కూడా విమానం రావాలి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,
తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,
ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా అధికారులకు,

నమస్కారం.

నేను వరంగల్ వాణ్ణి. ఆజంజాహి మిల్లులో మగ్గాల ఖాతాలో పనిచేసిన కార్మికుడి కొడుకుని. మామునూరు విమానాశ్రయం గురించి మీ ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా రాస్తే ఒకరి పని ఇంకొకరి బల్ల మీదికి జరుగుతుందని నా భయం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, మిల్లుకు సెలవున్న ఒక ఆదివారం, బాపు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఖమ్మం రోడ్డున మామునూరు తీసుకెళ్లాడు. అప్పటికే అక్కడ విమానాలు ఆగిపోయాయి. రన్‌వే పగుళ్లలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. ఎవరివో మేకలు నడిమధ్య పడుకుని నెమరు వేస్తున్నాయి. బాపు సైకిల్ స్టాండ్ వేసి, చెప్పులు విడిచి, ఆ రన్‌వే మీద నాలుగడుగులు నడిచాడు. ఎందుకు విడిచాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. "గాలిమోటర్లు గీడనే దిగేటియిరా. మన మిల్లు సాబులు పొద్దుగాల దిగి మాపటికి పోయేటోళ్లు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఉన్న గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది. తాను నేసిన బట్ట కోసం విమానం వచ్చిన ఊరు తనది.

బాపు చెప్పింది ఊహ కాదు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో కట్టించిన విమానాశ్రయం అది. ఆజంజాహి మిల్లుకూ, కాగజ్‌నగర్ కాగితం మిల్లుకూ అక్కరకు వచ్చింది. మొత్తం 1,875 ఎకరాలని, ఆ రోజుల్లో దేశంలో దానంత పెద్దది మరొకటి లేదని చెబుతారు. 1962లో చైనా యుద్ధం నాడు ఢిల్లీ మీద దాడి జరుగుతుందన్న భయంతో ప్రభుత్వ విమానాలను తెచ్చి ఇక్కడ దాచారని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1981తో ఆ వైభవం ముగిసింది. తర్వాత మిల్లూ మూతపడింది, మిల్లు జాగాలు ప్లాట్లయ్యాయి. పద్మశాలి వాడల్లోంచి మనుషులు మూటాముల్లె సర్దుకుని సూరత్‌కు, భీవండికి వెళ్లిపోయారు. అథారిటీ చేతిలో చివరికి మిగిలింది 696 ఎకరాలు.

తర్వాత అడ్డం పడింది 150 కిలోమీటర్ల షరతు. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని ఒప్పందంలో, మొదలైన నాటి నుంచి 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదని రాసుకున్నారు. అంటే 2033 దాకా మాకు దారి లేదన్నమాట. హైదరాబాద్‌కు అంతే దగ్గర్లో ఉన్న బీదర్‌కు మాత్రం ఆ షరతు సడలింది, 2020 ఫిబ్రవరిలో బెంగళూరు విమానం కూడా దిగింది. మాకు సడలింపు రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లు ఎందుకు పట్టాయో మాకెవరూ విడమరిచి చెప్పలేదు. సరే, అయిపోయిన సంగతి. శంషాబాద్ నిర్వాహకులు అభ్యంతరం లేదని రాసిచ్చారు, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది, రాష్ట్రం అదనంగా 253 ఎకరాల సేకరణకు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అనుమతి వచ్చిందన్న రోజు మా వీధిలో ముసలివాళ్లు కూడా రోడ్డు మీదికి వచ్చి మాట్లాడుకున్నారు.

ఆ ఘనత ఎవరిదన్న పంచాయితీ మాకు అక్కర్లేదు. నేను అడగదలచుకున్నది వేరు. విమానాశ్రయం తెరవడం ఒక పని, దాన్ని నిలబెట్టడం ఇంకో పని. మొదటి పనికి మీ దగ్గర ప్రణాళిక ఉంది. రెండో పనికి ఉందా?

కడపను చూడండి. 1953 నాటి విమానాశ్రయం, ఏళ్ల తరబడి పడావు పడి, మరమ్మతులు చేసుకుని 2015 జూన్ 7న తెరుచుకుంది. బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ వచ్చింది. ఏడాది తిరిగిందో లేదో ఆ కంపెనీయే ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్రం వారి ఉడాన్ పథకం మొదలైన రోజు, సిమ్లా - ఢిల్లీ విమానంతో పాటు దేశంలో తొలి ఉడాన్ రూట్లుగా జెండా ఊపినవి నాందేడ్ - హైదరాబాద్, కడప - హైదరాబాద్. ఆ కడప రూటు నడిపిన ట్రూజెట్ కూడా 2022లో ఆగిపోయింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇండిగోతో విడిగా ఒప్పందం చేసుకుని, నష్టం తాను భరిస్తానని చెబితే తప్ప కడపకు మళ్లీ విమానం రాలేదు. ఏడేళ్లలో మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. బీదర్‌లోనూ అంతే, ఆగుతూ మొదలవుతూ సాగింది.

ఇది ఒకటి రెండు ఊళ్ల దురదృష్టం కాదని, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదికే చెబుతోంది. ఉడాన్ మూడో విడత దాకా 774 రూట్లు కేటాయిస్తే 403 రూట్లలో అసలు విమానమే ఎగరలేదు. ఎగిరిన 371లో, ప్రభుత్వం లోటు భర్తీ చేసే మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసుకున్నవి 112. రాయితీ అయిపోయాక కూడా, అంటే 2023 మార్చి నాటికి, నడుస్తున్నవి 54. ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 774లో 54. మామునూరు ఆ 54 లాంటి వాటిలో చేరుతుందా, మిగతా 720లో చేరుతుందా అన్నది టెర్మినల్ గోడలు లేవకముందే మీరు తేల్చాల్సిన విషయం.

ముందుగా, రూటు సంగతి. దయచేసి మొదటి విమానం హైదరాబాద్‌కు వేయకండి. కడప వాళ్లకు హైదరాబాద్ 400 కిలోమీటర్ల పైచిలుకు, వాళ్లకది అవసరం. మాకు 150 కిలోమీటర్లు లేదు. కాజీపేటలో రైలెక్కినవాడు సికింద్రాబాద్‌లో దిగేసరికి, విమానం వాడు ఇంకా తనిఖీ వరసలోనే ఉంటాడు. ఎవరూ ఎక్కరు, ఆరు నెలలకే "వరంగల్‌కు గిరాకీ లేదు" అని రాసేస్తారు. ఆ మచ్చ ఒకసారి పడితే మళ్లీ పోదు. మాకు కావాల్సింది బెంగళూరు, ముంబై, ఢిల్లీ, తిరుపతి. వరంగల్, హనుమకొండ పిల్లలు ఎంతమంది బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నారో పండగ ముందు రోజు వచ్చే ప్రైవేటు బస్సులను చూస్తే తెలుస్తుంది.

మా ఇంటి సంగతే చెబుతాను. మూడేళ్ల కింద బాపు రాత్రి పదకొండున్నరకు పోయాడు. తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు. తెల్లవారుజాము విమానానికి టికెట్ దొరికింది, ఏడున్నరకల్లా శంషాబాద్‌లో దిగాడు. దిగాడని ఫోన్ వస్తే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. అక్కడి నుంచి రింగురోడ్డు మీదుగా ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ. జనగామ దాటాక లారీ ఒకటి బోల్తాపడి రోడ్డు ఆగిపోయింది. ఇక్కడ కులపెద్దలు పొద్దు వంక చూస్తున్నారు. కొరివి పట్టేది నేను, పాడెకు ఒక కొమ్ము తమ్ముడిదని అమ్మ పట్టు. వాడు వచ్చేసరికి ఒంటిగంటా నలభై. కారు దిగిన వాణ్ణి దిగినట్టే బావి దగ్గర నిలబెట్టి తలమీద నీళ్లు పోశారు. చొక్కా జేబులో బోర్డింగ్ పాసు తడిసి ముద్దయి బట్టకు అంటుకుపోయింది. దాన్ని గోటితో గీకి తీసింది మా మేనత్త. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు గంటకు కాస్త ఎక్కువ, శంషాబాద్ నుంచి ఇంటికి ఆరుగంటలు. మామునూరు మా ఇంటికి పన్నెండు కిలోమీటర్లు.

ఇలాంటి ఇల్లు మాది ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. చావుకు అందనివాళ్లు, పెళ్లికి తలంబ్రాల వేళ దాటాక వచ్చినవాళ్లు, బెంగళూరులో ఇంటర్వ్యూ కోసం ముందు రోజు పొద్దున్నే ఇల్లు కదిలిన పిల్లలు ఈ జిల్లాలో ప్రతి వాడలోనూ ఉన్నారు.

రూటుతో పాటు వేళ కూడా చూడండి. చిన్న ఊళ్లకు మిగిలిపోయిన వేళలు ఇస్తారు. పెద్ద ఊళ్లలో తెల్లవారి, సాయంత్రం రద్దీలకు విమానాలు తిప్పి, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నదాన్ని చిన్న ఊరికి పంపుతారు. పన్నెండింటికి వచ్చి పన్నెండున్నరకు పోయే విమానం వ్యాపారికి పనికిరాదు, ఉద్యోగికి పనికిరాదు. బాపు చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నాను. పొద్దుగాల దిగి మాపటికి పోవాలి. అలా ఉంటేనే మెగా టెక్స్‌టైల్ పార్కుకు వచ్చే కొరియా కంపెనీ మనిషైనా, ఎన్ఐటీకి వచ్చే పరీక్షకుడైనా, మందుల కంపెనీ ప్రతినిధి అయినా దాన్ని ఎక్కుతాడు.

ఆ వేళకు విమానం దిగాలంటే రన్‌వే ఒక్కటే చాలదు. ఖర్చు తగ్గించుకోవడానికి చాలాచోట్ల ముందు పగటిపూట, పైలట్ కంటిచూపుతో దించే పద్ధతిలో మొదలుపెట్టి, రాత్రి దీపాలు, దారి చూపే పరికరాలు తర్వాత చూద్దామంటారు. కంటిచూపు పద్ధతికి కనీసం 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనపడాలి. డిసెంబర్, జనవరి పొద్దున ఏడింటికి మామునూరు చెరువు వైపు నిలబడి చూసినవాళ్లెవరైనా చెబుతారు, కొన్ని రోజులు ఎదురుగా వచ్చే లారీ లైట్లే కనపడవు. వారంలో రెండు రోజులు రద్దయ్యే విమానానికి ఎవరూ టికెట్ కొనరు. దీపాలు, పరికరాలు మొదటి రోజుకే ఉండాలి. వాటికి అయ్యే సొమ్మును టెర్మినల్ అందాలలోంచి తగ్గించినా మాకు అభ్యంతరం లేదు. కాకతీయ తోరణం అంటే మాకు ప్రాణమే, కానీ అది మాకు ఖిలాలో ఉంది.

ఇక డబ్బు సంగతి. ఉడాన్ కింద సగం సీట్లు ప్రభుత్వం పెట్టిన పరిమితి మించకుండా అమ్మాలి, పథకం మొదలైనప్పుడు ఒక గంట ప్రయాణానికి ఆ పరిమితి 2,500 రూపాయలు; అందువల్ల వచ్చే లోటును మూడేళ్ల పాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. అందులో రాష్ట్రం వాటా 20 శాతం. విమాన ఇంధనం మీద రాష్ట్రం వేసే పన్ను ఒక్క శాతానికి దిగాలి. ఇదంతా కాగితం మీద ఉన్నదే. నాలుగో ఏట ఏం చేస్తారన్నదే ఎక్కడా లేదు. ముఖ్యమంత్రి గారూ, ఇది ముఖ్యంగా మీకు. కడపకు విమానాలు పోయాక ఆంధ్రప్రదేశ్ చేసిన ఒప్పందం మీరు మామునూరుకు ముందే చేయండి. మూడేళ్ల రాయితీ ముగిశాక మరో రెండేళ్లు, ఏటా తగ్గుతూ వచ్చే భరోసా ఒకటి రాష్ట్రం ఇస్తుందని ఇప్పుడే జీవో ఇవ్వండి. టెండరు వేసే కంపెనీకి ఐదేళ్ల లెక్క కనపడితే అది విమానాన్ని ఇక్కడ రాత్రి నిలిపేందుకు ఒప్పుకుంటుంది, లేకపోతే మూడేళ్ల సొమ్ము తీసుకుని వెళ్లిపోతుంది. కంపెనీని తప్పుపట్టి లాభం లేదు, దాని లెక్క దానిది.

మా వైపు నుంచీ పూచీ ఉండాలని నేను ఒప్పుకుంటాను. ఎన్ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, టెక్స్‌టైల్ పార్కు కంపెనీలు, ఎనుమాముల మార్కెట్ వ్యాపారులు కలిసి నెలకు ఇన్ని సీట్లు కొంటామని ముందుగా రాసివ్వాలి. జిల్లా కలెక్టర్ అందరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఒక పూట పని. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాన్ని చూడాలనుకునే బెంగళూరు, ముంబై కుటుంబానికి ఇప్పుడు మొదటి రోజంతా ప్రయాణంలోనే పోతుంది. మేడారం జాతరకు కోటి మంది వస్తారు, ఆ నాలుగు రోజులకు హనుమకొండ నుంచి హెలికాప్టర్లు కూడా నడిపారు. ఆ జాతర మీద ఏడాదంతా విమానం నడవదని నాకు తెలుసు. కానీ రామప్ప, లక్నవరం, వేయిస్తంభాల గుడి కలిపి రెండు రోజుల యాత్రగా పర్యాటక శాఖ విమానం టికెట్‌తో అమ్మితే శని, ఆదివారాల సీట్లు నిండుతాయి.

ఎయిర్‌పోర్టు నుంచి హనుమకొండకు, కాజీపేటకు, వరంగల్ స్టేషన్‌కు ఆర్టీసీ బస్సు విమానం వేళకు ఉండాలి. చిన్న విషయమే. కానీ ఆటోకు ఐదొందలు అడిగితే చౌక టికెట్‌కు అర్థం ఉండదు.

చివరికి రైతుల మాట. నిజానికి దీన్నే ముందు రాయాల్సింది. నక్కలపల్లి, గాడేపల్లి, గుంటూరుపల్లి రైతులు తమ భూమి ఇస్తేనే ఈ రన్‌వే సాగుతుంది. అవి మిరప, పత్తి, మొక్కజొన్న పండే భూములు. మా అమ్మ పుట్టింటి వైపు వాళ్లకు ఆ దిక్కున ఎకరంన్నర ఉంది. బావి పక్కన రెండు వేపచెట్లు, ఒక మోటారు గది. మామయ్య ఆ మోటారు గది తాళంచెవి ఇప్పటికీ మొలతాడుకే కట్టుకుంటాడు. విమానాశ్రయం వద్దని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. "ఊరికి మంచిదైతే ఇద్దాం, కానీ గడప దాటి గడప తిరిగేటట్టు చెయ్యొద్దు" అన్నాడు. ఏ కాగితానికి భూసేకరణ కార్యాలయానికి వెళ్లినా రేపు రమ్మన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి, రెండు బస్సులు మారి వెళ్లి, సంతకం చేసే సారు మీటింగ్‌లో ఉన్నారని విని తిరిగి వచ్చేవాడు.

పట్టాదారుకు ఎకరానికి ఎంత అన్నది చర్చకు వచ్చింది, పత్రికలు రాశాయి. కౌలుకు చేసేవాళ్ల గురించి, ఆ చేలల్లో మిరప ఏరుకుని బతికే ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. 2013 భూసేకరణ చట్టం వాళ్లను మరిచిపోలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారు కుటుంబం, కూలి కుటుంబం కూడా బాధిత కుటుంబమేనని అందులో స్పష్టంగా ఉంది. ఒప్పందం మీద కొన్నామనో, ఇంకో పద్ధతిలో తీసుకున్నామనో వాళ్లను పక్కన పెట్టకండి. విమానాశ్రయంలో సామాను మోయడం, శుభ్రత, తోటపని, కాపలా, క్యాంటీన్ లాంటి కొలువులు ఎలాగూ ఏజెన్సీల ద్వారానే తీసుకుంటారు. ఆ టెండర్లలోనే ఈ మూడు ఊళ్ల భూమిలేని కుటుంబాలకు మొదటి హక్కు అని షరతు రాయండి. టెండరు అయిపోయాక రాసే సిఫార్సు లేఖలను ఏజెన్సీలు లెక్కచేయవు.

ఇంకొకటి, దారి. రన్‌వే పెరిగితే ఆ పల్లెల మధ్య ఉన్న పాత దారి మూసుకుపోతుంది. బడికి వెళ్లే పిల్లలు, పాలక్యాన్లు మోసుకొచ్చే బండ్లు, పత్తి ట్రాక్టర్లు అన్నీ చుట్టూ తిరగాలి. ప్రత్యామ్నాయ రోడ్డు కావాలని ఆ ఊళ్లవాళ్లు అడుగుతూనే ఉన్నారు. పాత దారికి అడ్డంగా కంచె పడేలోపు కొత్త రోడ్డు మీద తారు పడి ఉండాలి. ఆ క్రమం మారనివ్వనని మీ ముగ్గురిలో ఎవరో ఒకరు బహిరంగంగా మాట ఇవ్వండి.

మంత్రి గారూ, మీరు తెలుగువారు గనుక ఈ ఉత్తరం మీకు అనువాదం లేకుండా అందుతుంది. మీరు మామునూరు వచ్చినప్పుడు శంకుస్థాపన వేదిక దగ్గరే ఆగిపోకుండా ఒక్క పది నిమిషాలు నక్కలపల్లి వైపు నడవండి. మొదటి రూటు ఏది, రాత్రి దీపాలు ఎప్పటికి, నాలుగో ఏట భరోసా ఎవరిది, కౌలుదారుల జాబితా ఎక్కడ, ఊళ్లకు రోడ్డు ఎప్పుడు అన్న ఐదు ప్రశ్నలకు జవాబులను తేదీలతో సహా తెలుగులో రాయించి మామునూరు క్రాస్ రోడ్డు దగ్గర బోర్డు పెట్టించండి. మామయ్య బస్సు దిగేది అక్కడే.

ఇట్లు,
ఆజంజాహి మిల్లు కార్మికుడి కొడుకు,
వరంగల్